గుళిక వెనుకనున్న గుట్ట



కృష్ణా తుంగభద్రల నడుమ నొదిగియున్న మన నడిగడ్డలో, రాజోలిబండ కాలువకు నీరు వచ్చినను రాకున్నను విత్తనము వేయక తప్పని వడ్డేపల్లి, రాజోలి, అయిజ, మానవపాడు ప్రాంతములలో, గడచిన రెండు దశాబ్దములుగా రైతు యింటికి చప్పుడు లేకుండ వచ్చి, తిష్ఠ వేసికొని కూర్చున్న వస్తువొకటి కలదు. అది ప్లాస్టిక్కు. 2003లో నాటి ఉమ్మడి రాష్ట్రమున సూక్ష్మ నీటిపారుదల పథకము ఆరంభమైన నాటినుండి డ్రిప్పు పైపులు పొలముల కెక్కినవి. మిరప సాళ్ళ క్రింద మల్చింగు షీటు పరచుకొన్నది. స్ప్రింక్లరు గొట్టములు, యూరియా బస్తాలు, విత్తనపు సంచులు, పురుగుమందు డబ్బాలు, బోరుబావిలోనికి దిగిన నల్లని పైపు, ఇవి యన్నియు ఒక్కొక్కటిగా చేరి, నేడు మోట కాలపు తోలు, నార, కొయ్యల చోటు నాక్రమించినవి.

ఇంత సరకు వాడుచున్న ప్రాంతములో దాని నొకింతయైన ఇచ్చటనే తయారు చేయరాదా యని తలపోయు యువకులు శాంతినగరమునందును గద్వాలయందును లేకపోలేదు. యంత్రమునకు బ్యాంకువారు అప్పిత్తురు. షెడ్డు వేయుటకు జాగా దొరకును. జాతీయ రహదారి చెంతనే యున్నందున సరకు కర్నూలు పోవుటకుగాని హైదరాబాదు పోవుటకుగాని చిక్కు లేదు. అయినను యంత్రము నోటిలో పోయవలసిన ముడిసరకు దగ్గర లెక్క తప్పును. పెట్రోలియము శుద్ధి కర్మాగారములనుండి వచ్చు కొత్త ప్లాస్టిక్కు గుళిక చిన్న పెట్టుబడిదారునికి భారము. పాత ప్లాస్టిక్కును కడిగి, కరగించి, మరల గుళికగా మార్చిన సరకైనచో ధర తగ్గును. ఆ సరకు ఎవరియొద్ద కొనవలెను? ఎట్లు కొనవలెను? నేటి ప్రసంగమున కిదియే విషయము.

నాలుగు సంస్థల పేర్లు, వాటి విలాసములు చదివి వినిపించినచో ఈ ప్రశ్న తీరిపోవునని మీలో కొందరు తలంపవచ్చును. పేర్లు చెప్పుదును, చెప్పకపోను. కాని నా యభిప్రాయములో పేర్లు తరువాతి మాట. పాత ప్లాస్టిక్కు గుళికను కొనువాడు పైకి చూడగా గుళికను కొనుచున్నట్లే యుండును గాని, వాడు వాస్తవమునకు సొమ్ము చెల్లించుచున్నది ఏరివేతకు. ఆ గుళిక వెనుక ఒక గుట్ట యున్నది; ఆ గుట్టముందు కూర్చుండి ఒకటొకటిగా వేరుచేసిన చేతులున్నవి. ఆ గుట్ట యెట్టిదో, ఆ చేతులు ఎంత ఓపికతో పని చేసినవో, గుళిక గుణము అంతమాత్రమే యుండును. కావున అమ్మువానిని వెదకుట యనగా ఆ గుట్టను వెదకుటయే.

మొదట వస్తువు సంగతి. మనము ప్లాస్టిక్కు అని ఒక్క పేరుతో పిలుచునది ఒక్క పదార్థము కాదు. 1907లో బేక్‌లాండు అను శాస్త్రజ్ఞుడు చేసిన బేకలైటు ఒక్కసారి గట్టిపడినచో మరల కరగని జాతి. పాత కరెంటు స్విచ్చులు దానితో చేసినవే. నేడు మనము మరల కరగించుచున్నవి వేరొక జాతివి. సంచులు, మల్చింగు షీట్లు, డ్రిప్పు పైపులు పాలిథీన్‌లోని మెత్తని తెగకు చెందినవి; వర్తకులు వీనిని ఎల్‌.డి. యందురు. నూనె డబ్బాలు, నీళ్ళ డ్రమ్ములు, గట్టి పైపులు అందులోనే గట్టి తెగయైన హెచ్‌.డి. ఎరువుల బస్తాలు, ప్లాస్టిక్కు కుర్చీలు, డబ్బాల మూతలనేకము పి.పి. నీళ్ళ సీసాలు పెట్‌. తెల్లని బోరు కేసింగు పైపులు పి.వి.సి. ఈ యైదింటికిని అన్నదమ్ముల పోలికయే గాని పొత్తు కుదరదు. ఒకటి కరగు వేడిలో వేరొకటి మాడును, లేదా కరగనే కరగదు. హెచ్‌.డి. సుమారు 130 డిగ్రీలకు కరగును, పి.పి.కి 160 దాటవలెను. పెట్‌కు 250 కావలెను. ఆ వేడికి పి.వి.సి. విరిగిపోయి ఉప్పుద్రావకపు ఆవిరిని వెడలగ్రక్కి యంత్రమునే తినివేయును.

గద్వాల ప్రాంతపు విత్తన పత్తి రైతునకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. పొలములో కేళీ మొక్కలు నాలుగున్నచో పది క్వింటాళ్ళ విత్తనము పేరు చెడునని వానికి తెలియును. ఆ నాల్గింటిని పెరికివేయుటకే కూలి పెట్టి మనుష్యులను సాళ్ళ వెంట నడిపించును. గుళిక సంగతియు నట్టిదే. పెట్‌ సీసాల తునకలలో పి.వి.సి. ముక్క లేశమాత్రము చేరినను సరకంతయు పసుపు బారి నల్లచుక్కలు పడును; హెచ్‌.డి.లో పెట్‌ చేరినచో అది కరగక గింజలుగా నిలిచి యంత్రపు జల్లెడను మూసివేయును; హెచ్‌.డి.లో పి.పి. మిక్కుటమైనచో బకెట్టు చూచుటకు బాగుగనే యుండి, చేజారి పడినప్పుడు పగులును. ఈ చివరిదే అన్నింటికంటె దొంగ దోషము. ఏలయన అది తయారుచేసినవాని యింట బయటపడక కొన్నవాని యింట బయటపడును.

ఇక ఆ గుట్ట ఎక్కడనుండి పుట్టుచున్నదో చూతము. పల్లెలో బండివాడు పాత ఇనుప సామాన్లకును ప్లాస్టిక్కు సామాన్లకును ఉల్లిగడ్డలో వెల్లుల్లిగడ్డలో ఇచ్చి మారుబేరము చేయును. పట్టణములో చిత్తు లేరుకొను స్త్రీలు తెల్లవారుజామున సంచి భుజమున వేసికొని బయలుదేరుదురు. ఈ ఇరువురి సరకును మొదట చేరునది గుజిరీ కొట్టు. అక్కడ కాటా పెట్టి, మోటుగా నాలుగైదు రకములుగా విడదీసి, లారీ నిండిన పిదప పెద్ద ఊరి గోదామునకు పంపుదురు. హైదరాబాదులో భోలక్‌పూరు వాడ ఇట్టి తుక్కు వ్యాపారమునకు చిరకాలముగా పేరుపడినది. కాటేదాన్‌ పారిశ్రామికవాడలో దానిని తునకలు చేసి, కడిగి, కరగించి, తీగలుగా లాగి, గుళికలుగా కత్తిరించు చిన్న కర్మాగారములు బారులు తీరియున్నవి. అక్కడి వారు గుళికను దానా అందురు. ఢిల్లీ ముండ్కా, ముంబయి ధారావి మొదలగునవి ఇదే వ్యాపారమునకు పెద్ద గద్దెలు. తుక్కు ఒక చేయి మారినకొలది ధర పెరుగును. అయితే ప్రతి చేతివద్దను అది ఎక్కడి సరకను జ్ఞాపకము కొంత చెరిగిపోవును. కొనుగోలుదారునికి ఉపద్రవమంతయు ఈ చెరుపులోనే యున్నది.

గుజిరీ కొట్టులో ఏరుచున్నవారి పని నొక్కమారు దగ్గరనుండి చూడుడు. పుస్తకములు చెప్పని శాస్త్రము అక్కడ కనబడును. ఒక స్త్రీ సంచిని చెవిదగ్గర నలిపి చూచును. గలగలమన్నచో ఒక బుట్ట, మెత్తగా నణగినచో వేరొక బుట్ట. డబ్బాను నేలకు కొట్టి మ్రోత వినును. గోటితో గీచి చూచును. మైనమువలె గీత పడినదా, జారిపోయినదా యని చూచును. అనుమానము తీరనిచో అంచు కొద్దిగా ముట్టించి వాసన చూతురు. కొవ్వొత్తి వాసన వచ్చినది పాలిథీను, ముక్కు మండించునది పి.వి.సి. ఈ కడపటి పరీక్ష మాత్రము వారి ఊపిరితిత్తులు చెల్లించుచున్న పన్ను. దానిని మెచ్చుకొనుటకు నాకు మనసు రాదు. కొత్తగా ఈ వ్యాపారమున దిగిన యువకుడొకడు అట్టి కొట్టులో, “అన్నా, ఈ హెచ్‌.డి. డబ్బా బ్లోనా, ఇంజెక్షనా?” అని యడుగగా, కొట్టు యజమాని తల యెత్తకయే, “అడుగు తిప్పి చూడు తమ్మీ. నడిమిట్ల సుక్క ఉంటే ఇంజెక్షను, అతుకు గీత ఉంటే బ్లో” అన్నాడు. ఆ ఒక్క మాటలో ఇంజనీరింగు పాఠమొకటి ఇమిడియున్నది. కరగిన ప్లాస్టిక్కును అచ్చులోనికి సన్నని రంధ్రముద్వారా కొట్టినచోట చుక్క నిలుచును. గొట్టముగా దించి, అచ్చుతో నొక్కిపట్టి, గాలి ఊదినచోట గీత నిలుచును. రెండును హెచ్‌.డి.యే అయినను రెంటి పాకము వేరు.

ఆ పాకమునకు కొలత యొకటి కలదు. మెల్ట్‌ ఫ్లో ఇండెక్సు అని దాని పేరు; వర్తకులు ఎం.ఎఫ్‌.ఐ. అందురు. పాలిథీనునైనచో 190 డిగ్రీల వేడిలో కరగించి, 2.16 కిలోల బరువు పైన పెట్టి, సన్నని రంధ్రముద్వారా పది నిమిషములలో ఎన్ని గ్రాములు కారినదో తూచి చూతురు. ఊది చేయు డబ్బాల సరకు చిక్కన. అది ఒక గ్రామునకు లోపుగనే కారును. బకెట్ల సరకు పలుచన. పది గ్రాములకు అటునిటుగా కారును. చిక్కని దానిని బకెట్టు అచ్చులోనికి కొట్టబోయినచో అచ్చు నిండదు. పలుచని దానితో డ్రమ్ము ఊదబోయినచో గొట్టము నిలువక జారి పడును. ఇంతవరకు యంత్రము నడుపు ప్రతివానికిని తెలిసినదే. తెలిసియు మోసపోవుచోటు వేరొకటి యున్నది. చిక్కని డబ్బాలను, పలుచని క్రేట్లను కలిపి కరగించినచో రెంటికిని నడుమ నొక అంకె వచ్చును. కాగితము మీద ఆ అంకె ముచ్చటగా నుండును. కాని నేడు వచ్చిన బస్తాలో డబ్బాలు హెచ్చు, రేపు వచ్చు బస్తాలో క్రేట్లు హెచ్చు. పైపు గోడ ఒకచోట దళసరి, ఒకచోట పలుచన యగుచుండగా పనివాడు ప్రతి బస్తాకును వేడిని, వేగమును మార్చుకొనుచు పగలంతయు యంత్రముతో పోరాడుచుండును. కావున అమ్మువానిని అడుగవలసినది ఒక్క అంకె కాదు. గడచిన ఐదారు లోడ్లకు వచ్చిన అంకెలన్నియు చూపుమని యడుగవలెను. అవి ఒకదానికొకటి దగ్గరగా నున్నచో ధర కొంచెము హెచ్చైనను వానినే పట్టుకొనుడు. నాణ్యము మధ్యరకమే యైనను నెలనెలకు మారని గుళిక, ఒకమారు మేలుగా నుండి వేరొకమారు చెడు గుళికకంటె చిన్న కర్మాగారమునకు మేలు.

ఇంట చేసికొనదగిన పరీక్షలును కొన్ని కలవు. పాలిథీను, పి.పి. రెండును నీటికంటె తేలిక, పెట్‌, పి.వి.సి. నీట మునుగును. గుళికలు గుప్పెడు నీళ్ళ గిన్నెలో వేసి, తడిసి గాలిబుడగలు పోవునట్లు చక్కగా కలియబెట్టి చూచినచో హెచ్‌.డి. యని అమ్మిన సరకులో మునిగినవెన్నియో తెలియును. మునిగినదంతయు పరజాతియే కానక్కరలేదు. తూకము పెంచుటకు సుద్దపొడి కలిపినను మునుగును. సుద్దపొడి కలుపుట అన్నిచోట్ల నేరము కాదు. చెప్పి కలిపినచో కొన్ని వస్తువులకు బిగువు వచ్చును. చెప్పక కలిపినదే దొంగతనము. దానిని పట్టుటకు ప్రయోగశాలలో కొలతపెట్టిన గుళికను మూసలో కాల్చి, మిగిలిన బూడిదను తూచుదురు. ప్లాస్టిక్కు పోవును, సుద్ద నిలుచును. పాలిథీను, పి.పి. రెండును తేలునవే కనుక వాటిని విడదీయుటకు నీటిగిన్నె చాలదు; అక్కడ మరల ఏరినవాని కన్నే దిక్కు. ఇక తడి సంగతి: కడిగి సరిగా ఆరబెట్టని గుళిక యంత్రములో ఆవిరియై వస్తువు మీద వెండి చారలవలె, బుడగలవలె తేలును. పెట్‌కు ఇది మరింత ప్రమాదము. వేడిలో తడి దానిని లోపలినుండియే తెంపివేయును. కడపట, బస్తా మూతి విప్పి ముక్కు పెట్టి చూడుడు. సబ్బు వాసన, ఇంజను ఆయిలు వాసన, పుల్లని వాసన, ఇవియన్నియు ఆ గుట్ట చరిత్రను చెప్పును. అనుమానము మిక్కిలియైనచో చర్లపల్లిలోని సిపెట్‌ సంస్థకు నమూనా పంపవచ్చును. 1968లో మద్రాసులో పుట్టిన ఆ కేంద్ర ప్రభుత్వ సంస్థకు హైదరాబాదులోనేగాక విజయవాడలోను శాఖ యున్నది. రుసుము కట్టినచో ఈ పరీక్షలన్నియు చేసి నివేదిక ఇత్తురు.

ఇప్పుడు పేర్లు. ఈ గుట్టను వెదకు పనిని శాస్త్రముగా చేసినవారు మన హైదరాబాదులోనే యున్నారు. మణి వాజిపేయి, రాజ్‌ మదనగోపాల్‌ అను ఇరువురు మిత్రులు 2013లో స్థాపించిన బన్యన్‌ నేషన్‌ అను సంస్థ, చిత్తులేరువారిని, గుజిరీ కొట్లవారిని త్రోసిరాజని పైనుండి క్రొత్త వ్యవస్థ నొకదానిని దింపక, ఉన్నవారినే వరుసలోనికి తెచ్చి, ఏ కొట్టునుండి ఏ సరకు ఎంత వచ్చినదో ఫోనుల సాయముతో లెక్క వ్రాయించి, అట్లు వచ్చిన దానిని సిరా, జిగురు, వాసన పోవునట్లు కడిగి, గుళిక చేసినది. టాటా మోటార్సువారి పాత బంపర్లు మరల బండిలోనికి పోవు గుళికగా మారుటయు, హిందుస్థాన్‌ యూనిలీవరు మొదలగు కంపెనీల సీసాలకు పాత సీసాలే ముడిసరకగుటయు ఈ సంస్థ చేత సాగినవి. 2018లో దావోసునందు దీనికి పురస్కారమును లభించినది. నాకు ఈ వృత్తాంతములో పురస్కారముకంటె ఆ లెక్కల పుస్తకమే ముఖ్యముగా తోచును. ముందు చెప్పిన చెరుపునకు విరుగుడు అదియే. చేతులు మారినను జ్ఞాపకము చెరగకుండ చూచుట.

పెట్‌ సరకు కావలసినవారికి హైదరాబాదులో శ్రీచక్ర పాలీప్లాస్ట్‌ కలదు. నీళ్ళ సీసాను మరల నీళ్ళ సీసాగా చేయదగినంత శుద్ధి చేయుట వారి పని. వరంగల్లు చెంత కాకతీయ మెగా టెక్స్‌టైల్‌ పార్కులో గణేశా ఎకోపెట్‌ వారి కర్మాగారము పెట్‌ సీసాలనుండి గుళికలను, నూలును తీయుచున్నది. అయితే శాంతినగరపు చిన్న పరిశ్రమకు పెట్‌తో అంత అవసరముండదు. బకెట్టు, పైపు, త్రాడు, నర్సరీ కుండీ కావలసినవానికి హెచ్‌.డి., ఎల్‌.డి., పి.పి. గుళికలే కావలెను, వానిని కాటేదాన్‌లోని చిన్న కర్మాగారములే హెచ్చుగా సరఫరా చేయును. అక్కడ మంచివారును గలరు, మాటమీద నిలువనివారును గలరు. స్వయముగా పోయి, గుళిక గది చూపక ముందే తుక్కు నిలువయున్న వెనుక దొడ్డి చూపుమని యడుగుడు. చూపుటకు వెనుకాడువానియొద్ద బేరము వద్దు. దొడ్డిలో ఒక్కొక్క రకమునకు ఒక్కొక్క కుప్ప విడివిడిగా నున్నదా, కడిగిన నీరు ఎక్కడికి పోవుచున్నది, ఏరువారికి తొడుగులైన నిచ్చినారా, ఈ మూడును కన్నులార చూచినచో గుళికను చూడకయే దాని గుణము సగము చెప్పవచ్చును.

చట్టమును ఈ వెదకులాటకు కొంత తోడ్పడుచున్నది. 2016 నాటి ప్లాస్టిక్కు వ్యర్థముల నిర్వహణ నిబంధనల ప్రకారము ఈ పని చేయు ప్రతి కర్మాగారమును రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలియొద్ద నమోదు కావలెను. 2022 ఫిబ్రవరి 16న వెలువడిన మార్గదర్శకముల తరువాత ఆ నమోదు కేంద్ర మండలి పోర్టలునందు జరుగుచున్నది. కావున మొదటి జాబితా అక్కడనే దొరకును; మనకు సనత్‌నగరులోని రాష్ట్ర మండలి కార్యాలయమే దిక్కు. నమోదైన ప్రతివాడు మంచివాడని కాదు. అయినను నమోదు కానివాని యొద్ద కొన్నచో జి.ఎస్‌.టి. బిల్లు మొదలు అన్నియు తల నొప్పులే. అదే మార్గదర్శకములు వేరొక మార్పునకు దారితీసినవి. గట్టి ప్యాకింగులో 2025-26 నుండి నూటికి 30 వంతులు పాత ప్లాస్టిక్కు ఉండవలెననియు, 2028-29 నాటికి అది 60 వంతులు కావలెననియు వానియందు నిర్ణయించినారు. దీని ఉద్దేశము నిస్సందేహముగా మంచిది. కాని ఫలితమును చిన్నవాని కంటితో చూడుడు: మేలైన గుళికకొరకు షాంపూ కంపెనీలును నూనె కంపెనీలును ఏడాది ముందుగనే ఒప్పందములు వ్రాసికొన్నచో, వడ్డేపల్లివాడు కాటేదాన్‌ పోవుసరికి మిగిలియుండునది ఎవరికిని పనికిరాని మిశ్రమము. ఇంకొకవైపు ముడి చమురు ధర పడిపోయినప్పుడెల్ల కొత్త గుళికయే చౌకయగును. అప్పుడు ఏరువాని కూలి మొదట పడిపోవును. 2018 జనవరిలో చైనా విదేశీ తుక్కును రానీయనని తలుపు మూసినప్పుడు ప్రపంచమంతట ఈ వ్యాపారము తలక్రిందులైనది. ఇట్టి తరంగములకు చిన్న పరిశ్రమ తట్టుకొనవలెనన్న, సరఫరాదారు దూరమునందొక్కడే యుండరాదు.

ఏ వస్తువులు చేయరాదో కూడ చెప్పక తప్పదు. ఈ గుళికతో అన్నము, నూనె, పచ్చడి, త్రాగునీరు పెట్టుకొను పాత్రలు చేయబోకుడు; ఆహారమును తాకు వస్తువులకు పాత ప్లాస్టిక్కు వాడుటకు ఆహార భద్రతా సంస్థవారి ప్రత్యేకానుమతి కావలెను, ఆ శుద్ధి మన షెడ్డులో సాధ్యము కాదు. త్రాగునీటి పైపులకును, ఒత్తిడితో నీరు పారు పైపులకును భారతీయ ప్రమాణములు కలవు. వానికి పరుల తుక్కు గుళిక పనికిరాదు. గుర్తు ముద్ర వేసి నాసిరకము అమ్మినచో మోసపోవునది కాలువకట్ట మీది రైతే. పలుచని క్యారీ బ్యాగుల జోలికి పోకుడు. 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకు లోబడినవి నిషిద్ధములు. కరెంటు తీగె దూర్చు గొట్టములు, పశువుల తొట్లు, గంపలు, నారుమడి ట్రేలు, త్రాళ్ళు, మురుగు కాలువల గొట్టములు, ఇట్టివి చాలును. ఇవియే ఏడాది పొడుగున అమ్ముడుపోవునవి.

దూరపు గుట్ట సంగతి ఇంతవరకు. మన కాళ్ళ దగ్గరి గుట్టను గూర్చి రెండు మాటలు చెప్పి విరమింతును. డ్రిప్పు పైపు కొన్నేండ్లకు రంధ్రములు పూడి, ఎలుకలు కొరికి, గట్టు మీద చుట్టగా పడియుండును. అది అంతయు ఒకే జాతి, ఒకే రంగు, ఒకే పాకము. ఏరువాని శ్రమ లేని సరకు ఇంతకంటె ఎక్కడ దొరకును? ఎరువుల బస్తాలును అట్లే, పి.పి. నేత బస్తాలను విడిగా కట్టినచో త్రాళ్ళ కర్మాగారమునకు మంచి సరకు. పైపెచ్చు, ఆ బస్తా పోగులు చిరిగి పత్తిలో కలియుటవలన మిల్లులవారు ధర కోయుచున్న బాధయు కొంత తగ్గును. మల్చింగు షీటు మాత్రము కష్టపు సరకు. ఎండకు చివికి, మట్టి యంటుకొని, కొన్ని చోట్ల ప్లాస్టిక్కుకంటె మట్టియే ఎక్కువ తూగును. దానిని ధర చెప్పి కొనబోవు ముందు కడిగి ఆరబెట్టిన పిదప ఎంత మిగులునో ఒక మూట తూచి చూచుకొనుడు. ఖాళీ లారీ హైదరాబాదుకు పోయి గుళిక తెచ్చుటకంటె, ఇచ్చటి పాత పైపులను నమోదైన కర్మాగారమునకు కట్టలు కట్టి పంపి, కూలి మాత్రమిచ్చి గుళికగా తిరిగి తెచ్చుకొను ఏర్పాటు లాభసాటియని నా నమ్మకము. అప్పుడు గుట్ట చరిత్ర కొనుగోలుదారుని చేతిలోనే యుండును.

ఆ యేర్పాటు నెరవేరవలెనన్న రైతులే మొదట పూనుకొనవలెను. పాత డ్రిప్పు పైపులను గట్టు మీద తగులబెట్టకుడు. మట్టి దులిపి, చుట్టలు కట్టి, ఎండ తగులని చోట నుంచుడు. పురుగుమందు డబ్బాలను మాత్రము వానిలో ఎన్నడును కలుపకుడు. వానిని మూడుమార్లు కడిగి, కడిగిన నీటిని మందు ట్యాంకులోనే పోసి, అడుగున రంధ్రము పొడిచి, విడిగా నుంచి, మందు అమ్మిన డీలరునే తిరిగి తీసికొమ్మని యడుగుడు. వడ్డేపల్లి పురపాలక సంఘమువారు వారమున కొకనాడైన ఈ సరకును తూచి కొనుటకు ఒక కాటాను, ఒక షెడ్డును ఏర్పాటు చేయవలెనని వారిని కోరుచున్నాను.